ఎండకు కోసిన టైర్లు

గీతికకు నిద్రలో కూడా నేల జారుతుంది. ఎవరో చీరకొంగు పట్టి లాగినట్టు బండి వెనక చక్రాలు మెల్లగా పక్కకు పోతుంటాయి. భయం వెయ్యదు. ఎర్రదుమ్ము లేచి అలాగే గాలిలో ఆగిపోతుంది. ఇంజను చప్పుడు ఎక్కడో పక్క వీధిలో వినిపిస్తుంది. తను మాత్రం జారుతూ జారుతూ నాచారం దాటి, ఉప్పల్ దాటి, చివరికి ఇంట్లో మంచం మీదికి వచ్చి పడుతుంది. మెలకువ వచ్చేసరికి రెండు చేతులూ దుప్పటిని హ్యాండిల్‌లా పట్టుకుని ఉంటాయి.

అలాంటి మనిషికి ఉద్యోగం దొరికిందీ రబ్బరు దగ్గరే. నాచారం పారిశ్రామికవాడలో పంపులకు రబ్బరు వాషర్లు చేసే చిన్న కంపెనీలో ఆమె సరుకు నాణ్యత చూస్తుంది. అచ్చులోంచి వచ్చిన ముక్కను బల్ల మీద పెట్టి, ముల్లు తిరిగే చిన్న పరికరాన్ని దానిమీద నొక్కితే రబ్బరు ఎంత గట్టిదో ముల్లు చెబుతుంది. నొక్కీ నొక్కీ ఇప్పుడామెకు బొటనవేలి గోరే చాలు. బస్సులో సీటునీ, షాపులో కొత్త చెప్పులనీ, ఆఖరికి ఇడ్లీని కూడా గోరుతో నొక్కి చూస్తుందని తల్లి అన్నపూర్ణమ్మ విసుక్కుంటుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాణ్ణి నొక్కి చూడనందుకు సంతోషించమని గీతిక జవాబు.

ఆమెకు కావలసింది ఒక్కటే. నారపల్లిలో ఆదివారం సాయంత్రం జరిగే ఆఖరి పందెంలో నిలబడాలి. గెలవడం తర్వాతి మాట.

నారపల్లి దాటాక, ప్లాట్లు అమ్ముడుపోక పడి ఉన్న వెంచరొకటి ఉంది. అందులో ప్రశాంత్ అనే అతను హద్దురాళ్ళు పీకించి మట్టి ట్రాక్ వేశాడు. లావు టైర్లున్న నాలుగు చక్రాల మోటారుబండ్లు, ఏటీవీలు, అద్దెకిస్తాడు. సెలవు రోజుల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు వచ్చి ఆఫీసు కోపమంతా ఆ మట్టి మీద తీర్చుకుని పోతారు. కొన్ని నెలలకోసారి పోటీ పెడతాడు. పొద్దున్నుంచీ జట్లుజట్లుగా తోలుతారు. ఎవరు ఎంతసేపట్లో చుట్టు పూర్తిచేశారో బోర్డు మీద రాస్తారు. వేగంగా తోలిన ఎనిమిది మంది సాయంత్రం ఆఖరి పందానికి వెళ్తారు. ఆడవాళ్ళకూ ఒక జట్టు ఉంది. ఆ జట్టులోంచి ఇంతవరకు ఒక్కరూ ఆ ఎనిమిదిలోకి రాలేదు.

ఎందుకు రాలేదో గీతికకు తెలుసు. పోటీ రోజు పొద్దున్నే ట్యాంకరు వచ్చి ట్రాక్ అంతా నీళ్ళు కొడుతుంది. తడిసిన మట్టిలో టైరు బుడిపెలు దిగబడి గట్టిగా పట్టుకుంటాయి. మగవాళ్ళ జట్లన్నీ ఆ తడి మీదే తోలేస్తాయి. భోజనాల వేళకి నీళ్ళు ఇంకిపోతాయి. అన్ని టైర్లు రుద్దిన నేల గచ్చులా నున్నగా తేలి, పైన సన్నటి దుమ్ము మిగులుతుంది. గచ్చు మీద బియ్యప్పిండి చల్లి పరుగెత్తమంటే ఎవరు పరుగెత్తగలరు? సరిగ్గా అప్పుడు మైకులో ఆడవాళ్ళని పిలుస్తారు.

గురువారం డ్యూటీ దిగి గీతిక నేరుగా ప్రశాంత్ దగ్గరికి వెళ్ళింది. ప్రశాంత్ చెడ్డవాడు కాడు. కుర్చీ తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. తమ జట్టుని కూడా పొద్దున్నే తోలనివ్వమని ఆమె అడిగింది. ఇది మొదటిసారి అడగడమూ కాదు.

"ఆడోళ్ళకు పొద్దుగాల ఇంట్ల పనుంటది గదక్కా. మీ సౌలత్ కోసమే భోజనాలైనంక పెట్టిన" అన్నాడు ప్రశాంత్, నిజంగా మేలు చేస్తున్నవాడి ముఖంతో.

తమ ఇళ్ళలో పనులున్నాయని ఎవరు చెప్పారని అడిగితే నవ్వాడు. పోనీ తమ ముందు ఇంకో ట్యాంకరు కొట్టించమంది. ఈ ఎండల్లో ఒక ట్యాంకరు దొరకడమే గగనమన్నాడు. బోర్లు ఎండిపోయిన సంగతి, వెంచరువాళ్ళు మొక్కలకే నీళ్ళు లేవని ఏడుస్తున్న సంగతి చెప్పాడు. ఆఖరికి, ఫైనల్‌కి ఎవరు వెళ్ళాలో టైమే చెబుతుంది గానీ తను కాదన్నాడు. ఆ మాట దగ్గర గీతికకు ఒళ్ళు మండింది. కోపంలో చాయ్ తాగడం మరిచిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి వరంగల్ రోడ్డు పక్క ఖాళీ ప్లాట్లు నిద్రలోలాగ వెనక్కి పోతున్నాయి. వాళ్ళు నేల మార్చకపోతే తను టైరు మార్చుకుంటుంది. ఎండిన నేలే గదా ఇచ్చేది, ఎండిన నేలకే టైర్లు చేయించుకుంటుంది. ఆ ఆలోచన రాగానే కోపం చల్లారింది. ఉప్పల్ వచ్చినా ఆమె దిగలేదు, కండక్టరు కేకేస్తే గానీ.

శనివారం సగంపూట సెలవు. ఉప్పల్ రింగురోడ్డు పక్కన కనకరాజు టైర్ల షాపుంది. పంక్చర్లు వెయ్యడం పైకి కనిపించే పని. అసలు పని వెనక రేకుల షెడ్డులో. పూర్తిగా అరిగి నున్నబడ్డ లారీ టైర్లకు వేడి బ్లేడుతో మళ్ళీ గాట్లు కోసి, కొత్త టైర్లలా కనిపించేట్టు చేస్తాడు. ఆ టైర్లు కొన్నవాడి గతి ఏమిటని ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు.

గీతిక తన బండి నాలుగు చక్రాలూ ఆయన ముందు దొర్లించింది. కావలసింది చెప్పింది. ఎండిన గట్టినేల మీద పొడుగు బుడిపెలు పనికిరావు, మలుపులో ఒంగిపోయి జారతాయి. అందుకని ఒక్కో బుడిపెనీ పైనుంచి కొంచెం కోసి పొట్టి చెయ్యాలి. తర్వాత దానిమీద అడ్డంగా సన్నటి గాట్లు పెట్టాలి. ఎన్ని గాట్లుంటే అన్ని అంచులు, ప్రతి అంచూ నేలని గీరుకుంటుంది.

కనకరాజు టైరును చాలాసేపు తిప్పి చూశాడు. "గిన్నేండ్లు కండ్లను మోసం జేసుడుకే కోసిన. పట్టు కోసం కొయ్యమన్నది నువ్వొక్కదానివే తల్లీ" అన్నాడు, మెచ్చుకుంటున్నాడో దెప్పుతున్నాడో తెలియకుండా.

బ్లేడు ఎర్రబడింది. రబ్బరులో దిగుతుంటే సన్నగా సుయ్యిమని చప్పుడు, నీలిపొగ. గీతిక సుద్దముక్కతో గీతలు గీసి ఇస్తుంటే ఆయన కోశాడు. కోసిన ప్రతి వరసనీ ఆమె వేలితో విప్పి చూసింది, గోరుతో నొక్కింది. లోతు ఎక్కువైతే బుడిపె తెగిపడుతుంది, తక్కువైతే ఫలితముండదు. రబ్బరు దారాలు ఒడి నిండా రాలాయి. రేకుల సందుల్లోంచి ఎండ పొగలో చారలుగా నిలబడింది. బయట రింగురోడ్డు మీద లారీలు పోతున్నా ఆ చప్పుడు ఆమె దాకా రాలేదు. ఒకచోట ఎంతసేపటినుంచో సుద్దముక్క అలాగే పట్టుకుని కూర్చుందని కనకరాజు దగ్గితే తెలిసింది.

చివరికి గాలి నింపారు. బాగా తక్కువ గాలి, మోకాలితో నొక్కితే లోపలికి పోయేంత. గాలి తక్కువైతే టైరు నేలమీద పరుచుకుంటుంది, పట్టుకోవడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. కనకరాజు చేతులు తుడుచుకుంటూ ఒక మాట చెప్పాడు.

"ఇవి ఎండకే. తడి తగిలితే గాట్లన్నిట్ల మట్టి నిండుతది. ఇగ బోడి టైరు లెక్కనే."

మాకు నీళ్ళు ఎవరు కొడతారని గీతిక నవ్వింది.

ఆదివారం పొద్దున్న బండిని ట్రాలీ ఆటో ఎక్కిస్తుంటే అన్నపూర్ణమ్మ హారతి పళ్ళెంతో వచ్చింది. ఆమెది ఏలూరు పక్క. ముప్పైయేళ్ళుగా ఇక్కడే ఉన్నా మాట మారలేదు. ఏ చక్రమైనా నూనె రాస్తేనే సాఫీగా నడుస్తుందని ఆమె నమ్మకం, కుట్టుమిషను తొక్కిన మనిషి మరి. పళ్ళెంలోని గిన్నెలోంచి చెంచాతో కొబ్బరినూనె తీసి సరిగ్గా ఆ గాట్ల మీద పొయ్యబోయింది. గీతిక గిన్నె లాక్కుని, పసుపూ కుంకుమా కావాలంటే హ్యాండిల్‌కి పెట్టమని బతిమాలింది.

"నూనె వద్దంటుంది, చక్రం తిరగాలంటుంది. ఇదెక్కడి బండే అమ్మా" అని అన్నపూర్ణమ్మ హ్యాండిల్‌కే బొట్టు పెట్టి పంపింది.

ట్రాక్ దగ్గర అంతా మామూలుగానే జరిగింది. ట్యాంకరు వచ్చి వెళ్ళింది. మగవాళ్ళ జట్లు ఒకదాని తర్వాత ఒకటి తోలాయి. ఆడవాళ్ళు అయిదుగురూ టార్పాలిన్ నీడలో చూస్తూ కూర్చున్నారు. వాళ్ళలో చిన్నది సిరి, మల్కాజిగిరి పిల్ల, ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. సొంత బండి లేదు, ప్రశాంత్ దగ్గర అద్దెబండి తోలుతుంది. గీతిక బండి కూడా ఒకప్పుడు ఆ అద్దెబండ్లలోదే, పాతబడితే కొనుక్కుంది. సిరికి భయమంటే ఏమిటో తెలియదు, టైర్ల సంగతీ తెలియదు. బండి నిండా ధైర్యం వేసుకుని తోలి, ప్రతిసారీ మలుపులో గడ్డిలోకి పోయి, నవ్వుకుంటూ వచ్చేస్తుంది.

భోజనాల వేళ గీతిక ఒక్కతే ట్రాక్ మీద చెప్పులు విడిచి నడిచింది. అరికాళ్ళు చురుక్కుమన్నాయి. నేల నున్నగా, పలచటి దుమ్ముతో, ఆమె కోరుకున్నట్టే ఉంది. ఇన్నాళ్ళూ చూడగానే గుండె జారిపోయిన ఆ నేలని ఇవాళ ముద్దుపెట్టుకోవాలనిపించింది. కళ్ళు సగం మూసుకుంటే బండి మలుపు తిరగడం కనిపిస్తోంది, గాట్లు నేలని గీరే చప్పుడు వినిపిస్తోంది. దూరంగా ఖాళీ ప్లాట్ల మీద ఎండ కదులుతోంది. బోర్డు మీద తన పేరు ఎన్నో వరసలో పడుతుందో కూడా ఆమె చూసేసింది.

అప్పుడు ట్యాంకరు మళ్ళీ వచ్చింది.

పొద్దున్నే జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి ఇప్పుడు బయల్దేరాడట. ఊళ్ళో పెద్దమనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని తెల్లబట్టలు. దుమ్ము పడితే బాగుండదని ప్రశాంత్ హడావిడిగా వెంచరువాళ్ళ మొక్కలకు వెళ్తున్న ట్యాంకరుని దారిలో పట్టుకున్నాడు. గేటు దగ్గరా వేదిక దగ్గరా తడపమన్నాడు. డ్రైవరు ఉదారుడు. చెయ్యి పెట్టాక సగం పనెందుకని ట్రాక్ మొత్తం ఒక చుట్టు చుట్టాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి చూడకుండానే వరం కురిసింది.

టార్పాలిన్ కింద నలుగురు ఆడవాళ్ళూ లేచి నిలబడ్డారు. సిరి చప్పట్లు కొట్టింది. "అక్కా, నువ్వడిగినవ్ గద, నీళ్ళొచ్చినయ్" అని పరుగెత్తుకొచ్చి గీతిక చెయ్యి పట్టుకుని ఊపింది.

గీతిక వెళ్ళి ఆపమంటే డ్రైవరు ఆపేవాడే. కానీ ఏళ్ళుగా తను అడిగింది ఈ నీళ్ళనే. అడిగింది తన ఒక్కదాని కోసమూ కాదు. ఇప్పుడు వద్దని ఏ ముఖంతో అరుస్తుంది? కోసిన టైరుకి మళ్ళీ రబ్బరు అతకదు. నీళ్ళ తెర దగ్గరికి వస్తుంటే ఆమె మట్టివాసన పీలుస్తూ అలాగే నిలబడిపోయింది. వాసన మాత్రం ఎంతో బాగుంది.

పెద్దమనిషి వచ్చాడు, జెండా ఊపాడు. అయిదు బండ్లూ కదిలాయి. మొదటి మలుపులోనే గీతిక చేతులకు తెలిసిపోయింది. మెత్తటి మట్టి గాట్లన్నిటినీ పూడ్చేసింది. చక్రం తిరుగుతోంది గానీ బండి పోవడం లేదు. కలలోలాగే వెనకభాగం మెల్లగా పక్కకి పోయింది, ఈసారి మంచం మీద కాక బురదలో ఆగింది. లేచి మళ్ళీ తోలింది. పొడుగు బుడిపెలున్న మిగతా నాలుగు బండ్లూ ఆమెను దాటుకుంటూ పోయాయి. ముందు సిరి. ఆ పిల్ల మలుపులో గడ్డిలోకి పోలేదు. తడినేల పట్టుకుంది కదా, ఆమె ధైర్యానికి ఇన్నాళ్ళకి ఆధారం దొరికింది.

సిరి టైము బోర్డులో నాలుగో వరసకి వచ్చింది. గీతికది అందరికన్నా కింద.

బోర్డు దగ్గర గొడవ మొదలైంది. పొద్దున ఎనిమిదో స్థానంలో ఉండి ఇప్పుడు తొమ్మిదికి దిగిన హృషికేశ్ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా నీళ్ళు కొట్టారనీ, ఆ టైము లెక్కలోకి రాదనీ అతని వాదన. ఇంకో ఇద్దరు వంతపాడారు. ప్రశాంత్ చేతిలో సుద్దముక్కతో ఎటూ చెప్పలేక నిలబడ్డాడు. సిరికి ఆడవాళ్ళలో మొదటి బహుమతి అని విడిగా ఇద్దామని మెల్లగా అన్నాడు. సిరి ముఖం చిన్నబోయింది.

గీతిక బురద కారుతున్న బట్టలతోనే వచ్చి నిలబడింది.

"పొద్దుగాల మీకు కొట్టినయ్ ఏందన్నా, పన్నీరా?" అంది హృషికేశ్‌తో. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. ప్రశాంత్ వైపు తిరిగింది. "గా నీళ్ళ మీదనే నేను ఆఖర్ల వచ్చిన. నీళ్ళే గెలిపిచ్చేదుంటే నన్నెందుకు గెలిపియ్యలే? టైం చెప్తదన్నవ్ గద ప్రశాంత్, చెప్పింది. రాయి."

అలా అడుగుతున్నది ఓడిపోయిన మనిషి. హృషికేశ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయాడు. ప్రశాంత్ నాలుగో గీత మీద సిరి పేరు రాశాడు.

గీతిక తన బండి వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. కుళ్ళు కూడా వచ్చింది, దాచడమెందుకు. టైరుకీ చెప్పుకీ తేడా తెలియని పిల్ల ఆ ఎనిమిదిలో నిలబడుతుంది. శనివారమంతా పొగలో కూర్చున్న తను చూస్తూ చప్పట్లు కొట్టాలి. ప్రసంగాలు సాగుతున్నాయి. యువత గురించి పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో మగవాళ్ళు సరదాకి ఒక పందెం తోలారు. కళ్ళు తుడుచుకుని ఆమె అలవాటుగా నేలమీద అరచెయ్యి పెట్టింది. తడి లేదు. ఎండ తన పని తాను చేసుకుపోయింది. ట్రాక్ మళ్ళీ తెల్లగా, నున్నగా, గచ్చులా తేలుతోంది.

ఆఖరి పందెం ఈ నేల మీదే. ఆ పొడుగు బుడిపెలతో సిరి మొదటి మలుపులోనే గడ్డిలోకి పోతుంది. నీళ్ళ పుణ్యమని అందరూ నవ్వుతారు. ఇంకే పోటీలోనూ ఆ బోర్డు మీద ఆడపిల్ల పేరు రాయమని అడగడానికి నోరుండదు. ఆ సంగతి ఇక్కడ తెలిసింది గీతికకొక్కదానికే. ఊరుకుంటే ఊరుకున్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

కాసేపు ఊరుకుంది. తర్వాత లేచి ఇటుకలు వెతుక్కొచ్చింది.

తన బండిని ఇటుకల మీదికెక్కించి నాలుగు చక్రాలూ విప్పింది. గాట్లలో మట్టి ఎండి గట్టిపడింది. జాకెట్టు పిన్నీసు తీసి ఒక్కో గాటూ గీరడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని మిగతా ఆడవాళ్ళు వచ్చారు. చెప్పింది. ఒకామె జడలోంచి పిన్ను తీసింది, ఒకామె చున్నీకి పెట్టిన పిన్నీసు తీసింది. చక్రానికి ఒకరుగా చుట్టూ కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, గాటుగాటూ విప్పి మట్టి రాల్చారు. సాయంత్రపు ఎండ చేతుల మీద పసుపురంగులో పడుతోంది. గీతికకు ఆ క్షణం కలో నిజమో తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

సిరి కంగారుగా చూసింది. "నా టైర్లు మంచిగనే ఉన్నయ్ గదక్కా?"

"ఇందాక మంచిగుండె. ఇప్పుడు పనికిరావు" అంది గీతిక, సిరి బండికి తన చక్రం ఎక్కించి నట్లు బిగిస్తూ. మలుపుకి ముందే వేగం తగ్గించుకోమనీ, మలుపులో బ్రేకు జోలికి పోవద్దనీ, ఒళ్ళు లోపలికి వంచి టైరుని నమ్మమనీ చెప్పింది.

"మరి నువ్వెందుకిస్తున్నవక్కా?"

గీతిక చివరి నట్టు బిగించింది. ఉదారంగా చెప్పడానికి ఆమె మనసు అప్పటికింకా పూర్తిగా ఒప్పుకోలేదు. "గీ నేల కోసమే కోయించిన. నేను తోలేటప్పుడు నేల మారింది. టైర్లది తప్పేం లేదు" అంది.

ఎనిమిది బండ్లు గీత మీద నిలిచాయి. గీతిక తీగ కంచె దగ్గరికి వెళ్ళింది. అక్కడ మక్కకంకులు కాలుస్తున్న ముసలామె, జనం ఎటు చూస్తున్నారో పట్టించుకోకుండా, ఇటుకల మీద చక్రాల్లేకుండా నిలబడ్డ బండిని చూస్తోంది.

జెండా ఊగింది. దుమ్ము లేచింది. మొదటి మలుపులో ముందున్న రెండు బండ్లూ జారి బయటికి పోయాయి, మూడోది వాటిని తప్పించబోయి ఆగింది. దుమ్ములోంచి సిరి బండి లోపలి అంచున కనిపించింది. వెనక చక్రాలు ఒక్కసారి పక్కకి కదిలాయి. గీతిక తనకు తెలియకుండానే ఒళ్ళు ఎడమకి వంచింది. చక్రాలు నేలని గీరుకుని నిలబడ్డాయి. ఆ పట్టు దొరకడం ఇంత దూరంలో ఆమె అరికాళ్ళకు తెలిసింది. కుళ్ళూ సంతోషమూ కలిసే వచ్చాయి, ఏది ఎక్కువో ఆమెకు తేలలేదు. సిరి మలుపు దాటి అందరికన్నా ముందు పోతోంది.

"నీ బండి చక్రాలెటు పోయినయ్ బిడ్డా?" అని ముసలామె కంకి తిప్పుతూ అడిగింది.

గీతిక చెయ్యి చాపి ట్రాక్ వైపు చూపించింది.

"అగో అవ్వా, ముందల పోతున్నయ్ సూడు."